ఎవరి నొప్పిని నమ్ముతాం?

(జాతి వివక్ష నిర్మూలన దినం సందర్భంగా నల్లగొండలో నర్సింగ్ విద్యార్థుల సభలో ఒక విశ్రాంత ప్రసూతి వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ మేడమ్‌కు, అధ్యాపకులకు, ఎన్నో రాత్రులు నాతో పాటు లేబర్ రూములో నిలబడి ఇవాళ ముందు వరుసలో కూర్చున్న సిస్టర్లకు, విద్యార్థులందరికీ నమస్కారం.

1960 మార్చి 21న దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో వేలమంది నల్లవాళ్లు పోలీసు స్టేషన్ ముందుకు వచ్చారు. సొంత దేశంలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోవాలన్నా వాళ్ల జేబులో పాస్ పుస్తకం ఉండాలి, లేకపోతే జైలు. ఆ చట్టం మాకొద్దని చెప్పడానికి వచ్చారు. పోలీసులు కాల్చారు. 69 మంది చనిపోయారు. చాలామందికి తూటాలు వీపులో తగిలాయి, అంటే పారిపోతుంటే కాల్చారు. 1966లో ఐక్యరాజ్యసమితి ఆ తేదీని జాతి వివక్ష నిర్మూలన దినంగా ప్రకటించింది.

ఇలాంటి సంగతులు వింటే వివక్ష అంటే తుపాకీ, లాఠీ అనే అనిపిస్తుంది. నేను ఇవాళ తుపాకీ లేని చోటు గురించి మాట్లాడతాను. మీరు రేపు డ్యూటీ చేయబోయే చోటే అది. అక్కడ ఒకరు నొప్పి అంటారు, ఇంకొకరు నమ్మరు. వివక్ష మనిషికి, ఆ మనిషి పుట్టిన సమూహానికి చేసే నష్టంలో చాలా భాగం అక్కడే మొదలవుతుందని నా వృత్తి నాకు నేర్పింది.

మీరందరూ ప్రాక్టికల్స్‌లో సిమ్స్ స్పెక్యులమ్, అంటే స్త్రీలను లోపల పరీక్షించే పరికరం, చూసే ఉంటారు. ట్రేలో ఎప్పుడూ ఉంటుంది. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టే సిమ్స్ పొజిషన్ కూడా చదివి ఉంటారు. ఆ సిమ్స్ ఎవరో మాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. జేమ్స్ మారియన్ సిమ్స్ అమెరికాలో అలబామా రాష్ట్రం, మాంట్‌గామరీలో డాక్టరు. కాన్పు రోజుల తరబడి కష్టమైతే, బిడ్డ తల ఒత్తిడికి మూత్రసంచికీ యోనికీ మధ్య రంధ్రం పడుతుంది. తర్వాత మూత్రం ఆగకుండా కారుతూనే ఉంటుంది. ఆ జబ్బుకు ఆపరేషన్ కనిపెట్టిన పేరు ఆయనది. ఆధునిక స్త్రీ వైద్యానికి తండ్రి అని చాలాకాలం పిలిచారు.

ఆ ఆపరేషన్‌ను ఆయన ఎవరి మీద నేర్చుకున్నాడు? 1845 నుంచి 1849 వరకు బానిస స్త్రీల మీద. వాళ్లలో మూడు పేర్లే మనకు మిగిలాయి: అనార్కా, లూసీ, బెట్సీ. అనార్కాకు అప్పుడు పదిహేడేళ్లు ఉంటాయంటారు. ఆమె ఒక్కదానికే దాదాపు 30 సార్లు ఆపరేషన్ చేశాడు, మత్తు లేకుండా. ఒప్పుకున్నారా అని అడిగే ప్రశ్నే లేదు, బానిస ఒంటి మీద హక్కు యజమానిది. నల్లవాళ్లకు నొప్పి తక్కువ తెలుస్తుందని ఆ కాలపు తెల్ల డాక్టర్లు చాలామంది నమ్మారు. అలా నమ్మితే కోసేటప్పుడు చెయ్యి వణకదు కదా.

న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఉన్న సిమ్స్ విగ్రహాన్ని 2018లో తీసేశారు. 2021లో మాంట్‌గామరీలో ఆ ముగ్గురు స్త్రీల విగ్రహాలు నిలబెట్టారు. పరికరం మంచిదే, ఈనాటికీ ప్రాణాలు కాపాడుతోంది. వాడండి. వాడేటప్పుడు అనార్కా పేరు కూడా తెలిసి ఉండాలని నా కోరిక.

ఇదంతా పాత సంగతి అనుకుంటారేమో. 2016లో వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్లు తెల్లజాతి వైద్య విద్యార్థులను, రెసిడెంట్లను, అంటే శిక్షణలో ఉన్న డాక్టర్లను, కొన్ని ప్రశ్నలు అడిగారు. నల్లవాళ్ల చర్మం తెల్లవాళ్లకంటే మందంగా ఉంటుంది, నిజమా కాదా? వాళ్ల నరాల చివర్లకు స్పర్శ తక్కువ, నిజమా కాదా? ఇవన్నీ తప్పులే. అయినా దాదాపు సగం మంది వాటిలో కనీసం ఒకదానికి అవునన్నారు. అలా నమ్మినవాళ్లు నల్లజాతి రోగి నొప్పిని తక్కువగా లెక్కగట్టారు, చికిత్స సలహాలో కూడా తడబడ్డారు. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. మీలాగే పరీక్షలు రాసి, ప్రమాణం చేసి వచ్చిన పిల్లలు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఈ జిల్లా దక్షిణాన దేవరకొండ, చందంపేట, డిండి వైపు తండాలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. అక్కడి నుంచి వచ్చిన లంబాడీ అమ్మాయి నొప్పులు పడుతుంటే పక్కన నిలబడ్డవాళ్లు అనే మాట నేను ఒక ఆస్పత్రిలో కాదు, పనిచేసిన చాలా చోట్ల విన్నాను. "వాళ్లు గట్టి పిండాలు మేడమ్, వాళ్లకేం కాదు." ఇంకో మాట కూడా వినేదాన్ని: "వాళ్లకు పొలంలోనే కాన్పు అయితది, లేచి మళ్లీ పనికి పోతరు." మెచ్చుకున్నట్టే ఉంటుంది. ఆ మాట అన్న తర్వాత ఏం జరుగుతుందో చూడండి. ఆమె దగ్గరికి ఆలస్యంగా వెళ్తారు. బీపీ మళ్లీ చూడరు. తలనొప్పిగా ఉందని చెప్తే గుర్రపు వాతానికి, అంటే గర్భిణికి బీపీ పెరిగి వచ్చే ఫిట్స్‌కు, ముందు వచ్చే తలనొప్పా అని ఆలోచించరు. కాన్పు తర్వాత రక్తం ఎక్కువ పోతోందని ఆమె అంటే, "ఇదంతా మామూలే" అంటారు. తల్లులు చనిపోయేది ఈ ఖాళీ నిమిషాల్లోనే. రక్తస్రావంలో అరగంట ఎంత పెద్దదో ముందు వరుసలో ఉన్న సిస్టర్లను అడగండి.

గట్టి పిండం అనే మాట అగ్రకులం అమ్మాయి గురించి ఎప్పుడైనా విన్నారా? నేను వినలేదు. ఆమె అరిస్తే డాక్టరుకు ఫోన్ పోతుంది. తండా అమ్మాయి అరిస్తే "అరవకు" అంటారు. అరవకుండా పళ్లు బిగబడితే, చూశారా నొప్పి లేదు అంటారు.

సెరెనా విలియమ్స్ పేరు మీ అందరికీ తెలుసు, టెన్నిస్‌లో ప్రపంచాన్ని గెలిచిన మనిషి. 2017లో ఆమెకు సిజేరియన్ అయింది. మర్నాడు ఊపిరి ఆడలేదు. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు వచ్చిన అనుభవం ఆమెకు ముందే ఉంది, అందుకే వెంటనే సీటీ స్కాన్, రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ మందు కావాలని నర్సుకు చెప్పింది. నొప్పి మందుల వల్ల ఏదో అంటోందని నర్సు అనుకుంది. సెరెనా పట్టుబట్టింది. చివరికి స్కాన్ తీస్తే నిజంగానే గడ్డలు ఉన్నాయి. డబ్బు ఉంది, పేరు ఉంది, తన జబ్బు పేరు తనకు తెలుసు, ఇంగ్లిష్ మాతృభాష. అంత ఉన్న మనిషే పట్టుబట్టి చెప్పుకోవాల్సి వచ్చింది. ఇవేవీ లేని మనిషి సంగతేమిటి? అమెరికాలో నల్లజాతి తల్లుల మరణాల రేటు తెల్లజాతి తల్లులకంటే సుమారు మూడు రెట్లు ఎక్కువ. చదువుకున్నవాళ్లలో కూడా ఈ తేడా పోలేదు.

ఇక్కడ ఒక అనుమానం రావాలి, వస్తేనే మంచిది. ఇది రక్తంలోనే ఉందేమో, జన్యువుల్లో ఉందేమో? నల్లజాతి తల్లులకు బరువు తక్కువ పిల్లలు పుట్టడానికి కారణం వాళ్ల శరీరమేనేమో అని డాక్టర్లు చాలా ఏళ్లు అనుకున్నారు. 1997లో రిచర్డ్ డేవిడ్, జేమ్స్ కాలిన్స్ అనే ఇద్దరు పిల్లల డాక్టర్లు ఇల్లినాయ్ రాష్ట్రంలో పుట్టిన బిడ్డల లెక్కలు తీశారు. తల్లులను మూడు గుంపులుగా చూశారు. అమెరికాలో పుట్టిన తెల్ల తల్లుల బిడ్డల సగటు బరువు 3,446 గ్రాములు. అమెరికాలో పుట్టిన నల్ల తల్లుల బిడ్డలది 3,089 గ్రాములు. మూడో గుంపు, ఆఫ్రికాలో పుట్టి అమెరికా వచ్చిన నల్ల తల్లులు. జన్యువుల వల్లే అయితే వీళ్ల బిడ్డలే అందరికంటే చిన్నగా ఉండాలి. వాళ్ల బిడ్డల సగటు బరువు 3,333 గ్రాములు, అంటే తెల్లవాళ్ల పక్కనే. ఆ తర్వాత ఇంకా లోతుకు వెళ్లి చూస్తే, ఆ ఆఫ్రికా స్త్రీలకు అమెరికాలోనే పుట్టి పెరిగిన కూతుళ్ల బిడ్డల్లో ఆ బరువు నిలబడలేదు, తగ్గింది.

ఒక్క తరం, పిల్లలూ! రంగు అదే, రక్తం అదే. మారింది పెరిగిన చోటు. నా వృత్తి జీవితంలో చదివిన వాటిలో నన్ను ఇంతగా కదిలించిన లెక్క ఇంకొకటి లేదు. తల్లి కడుపులోకి కూడా వివక్ష చేరుతుందని మాటల్లో చెప్తే కవిత్వం అంటారు. ఇక్కడ గ్రాముల్లో ఉంది.

ఎట్లా చేరుతుంది? దీనికి ఎవరూ చెయ్యి చేసుకోనక్కర్లేదు. దుకాణంలోకి అడుగుపెడితే వెనకాలే ఒక కన్ను. ఇల్లు అద్దెకు అడిగితే ముందు "మీరేమిటోళ్లు?" ఆఫీసులో నోరు తెరిస్తే యాస మీద నవ్వు. ఇవాళ ఎవరేమంటారో, ఎక్కడ తలవంచాల్సి వస్తుందో అని ఒళ్లు ఎప్పుడూ కాపలా కాస్తూనే ఉంటుంది. ఒళ్లంతా టెన్షన్. కార్టిసాల్, అడ్రినలిన్ అనే ఒత్తిడి హార్మోన్లు మీ పుస్తకాల్లో ఉన్నాయి. ప్రమాదం వచ్చినప్పుడు పెరిగి, పోయాక తగ్గాల్సినవి. తగ్గే అవకాశమే లేకపోతే బీపీ పెరుగుతుంది, నిద్ర పోతుంది, గుండె, రక్తనాళాలు ముందే ముసలివవుతాయి. ఆర్లీన్ జెరోనిమస్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1992లోనే ఈ మాట ముందుకు తెచ్చింది. నల్లజాతి స్త్రీల శరీరాలు వయసుకంటే ముందే అరిగిపోతున్నాయని చెప్పింది. అప్పట్లో చాలామంది ఆమెను ఎగతాళి చేశారు. ఇప్పుడు పాఠంగా చెప్తున్నారు.

మన దేశంలోనూ దీన్ని పరీక్షించి చూశారు. ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలకు కాగితం మీద దారి కనుక్కునే చిక్కుముడులు ఇచ్చారు. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన పని ఇది, 2004లో బయటకు వచ్చింది. ఎవరి కులం ఏమిటో చెప్పకుండా ఆడిస్తే దళిత పిల్లలు, అగ్రకుల పిల్లలు దాదాపు సమానంగా చేశారు. ఆటకు ముందు అందరి ఎదుట పేరు, తండ్రి పేరు, కులం చదివి వినిపించిన చోట దళిత పిల్లల ఫలితం పడిపోయింది. వాళ్లను ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. కులం పేరు పైకి చదివారు, అంతే. హాజరు పిలిచేటప్పుడు స్కాలర్‌షిప్ పిల్లలను క్లాసులో లేపి నిలబెట్టే మాస్టార్లు, మేడమ్‌లు ఈ ఒక్క పరీక్ష గుర్తుంచుకోవాలని వేడుకుంటున్నాను.

రంగు సంగతి వదిలేస్తే నా మాట పూర్తి కాదు. బిడ్డ బయటపడగానే మొదటి ప్రశ్న ఆడా మగా అని. ఆడపిల్ల అయితే రెండోది, "రంగెట్లుంది మేడమ్?" కడుపుతో ఉన్నప్పుడు పాలల్లో కుంకుమపువ్వు వేసుకుని తాగితే బిడ్డ తెల్లగా పుడుతుందని, పేద ఇంట్లో కూడా అప్పుచేసి కొంటారు. కుంకుమపువ్వుకూ బిడ్డ రంగుకూ ఏ సంబంధమూ లేదు. ఆ డబ్బుతో గుడ్లు, పల్లీలు, ఆకుకూరలు తిన్నా రక్తం పెరుగుతుంది. నల్లగా పుట్టిన పిల్లకు బారసాల నాడే కట్నం లెక్క మొదలవుతుంది. 1975లో మన మార్కెట్లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము, పేరులోని ఫెయిర్‌ను 2020లో గానీ తీసేయలేదు. మధ్యలో 45 ఏళ్లు, ఎన్ని తరాల ఆడపిల్లలో లెక్కపెట్టండి.

అమెరికాలో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి భార్యాభర్తలు, ఇద్దరూ మనస్తత్వ శాస్త్రవేత్తలే, 1940ల్లో చిన్న పిల్లల ముందు తెల్లవి, నల్లవి బొమ్మలు పెట్టారు. రంగు తప్ప అన్నీ ఒకటే. మంచి బొమ్మ ఏది అంటే ఎక్కువమంది నల్ల పిల్లలు తెల్లబొమ్మను చూపించారు. చెడ్డది ఏది అంటే నల్లబొమ్మ. మరి నీలా ఉన్నది ఏది అని అడిగితే కొందరు పిల్లలు ఏడ్చి బయటకు వెళ్లిపోయారు. తెల్ల, నల్ల పిల్లలకు వేరు వేరు బడులు చెల్లవని అక్కడి సుప్రీంకోర్టు 1954లో తీర్పు చెప్పినప్పుడు వీళ్ల పనిని కూడా లెక్కలోకి తీసుకుంది. మన అంగన్‌వాడీలో ఆ బొమ్మలు పెడితే ఏమవుతుంది? నాకు ఆ జవాబు వినడానికి భయం వేస్తుంది.

ఇంతవరకూ ఒక్కొక్క మనిషి గురించి చెప్పాను. ఇక ఒక సమూహం మొత్తానికి ఏమవుతుందో చూద్దాం.

అలబామాలోనే మేకన్ అనే జిల్లా. 1932లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య శాఖ అక్కడ సుమారు 600 మంది పేద నల్లజాతి మగవాళ్లను ఒక అధ్యయనంలో చేర్చుకుంది. వాళ్లలో 399 మందికి సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉంది. "మీ రక్తం చెడింది, ఉచితంగా చూస్తాం" అన్నారు. భోజనం పెట్టారు, చనిపోతే అంత్యక్రియల ఖర్చు ఇస్తామన్నారు. నిజానికి చికిత్స ఇవ్వకుండా ఆ జబ్బు మనిషిని ఎలా తింటుందో చూస్తూ కూర్చోవడమే పని. 1947 నాటికి పెన్సిలిన్ మామూలు చికిత్సగా అందుబాటులోకి వచ్చింది, అయినా ఇవ్వలేదు. 1972లో పత్రికల్లో బయటపడేదాకా, 40 ఏళ్లు నడిచింది. భార్యలకు అంటింది, పుట్టిన పిల్లలకు అంటింది. 1997లో అధ్యక్షుడు క్లింటన్ క్షమాపణ చెప్పాడు.

నర్సింగ్ విద్యార్థులకు ఇందులో ఒక మనిషిని ప్రత్యేకంగా పరిచయం చేయాలి. యూనిస్ రివర్స్. ఆమె కూడా నల్లజాతి నర్సే. ఆ మగవాళ్ల ఇళ్లకు వెళ్లేది, కారులో ఎక్కించుకుని తీసుకొచ్చేది, మంచీచెడూ అడిగేది. వాళ్లు డాక్టర్లను చూసి రాలేదు, రివర్స్ సిస్టర్ మీద నమ్మకంతో వచ్చారు. మనోళ్లే కదా అనుకున్నారు. ఆమె మీద తీర్పు చెప్పడం ఇవాళ నా ఉద్దేశం కాదు. ఆ కాలంలో ఒక నల్లజాతి నర్సు ప్రభుత్వ డాక్టర్ల మాట కాదనడం ఎంత కష్టమో ఊహించగలను. కానీ పేషంటు మనల్ని చూసి ఆస్పత్రి గుమ్మం ఎక్కుతాడు. ఆ నమ్మకాన్ని ఎవరు ఏ పనికి వాడుకుంటున్నారో మనం అడగాలి.

1972లో ఆ నిజం తెలిశాక ఏమైంది? మార్సెల్లా అల్సాన్, మరియాన్ వానమేకర్ అనే పరిశోధకులు 2018లో ఒక అంచనా వేశారు. ఆ వార్త తర్వాత నల్లజాతి మగవాళ్లలో డాక్టర్ల మీద అపనమ్మకం పెరిగింది, ఆస్పత్రికి వెళ్లడం తగ్గింది, 45 ఏళ్ల వయసులో వాళ్లకు మిగిలే ఆయుష్షు సుమారు ఏడాదిన్నర వరకు తగ్గింది. వీళ్లు ఆ అధ్యయనంలో ఎప్పుడూ లేనివాళ్లు. అధ్యయనంలో ఉన్నది వందలమందే. దాని దెబ్బ ఒక జాతి మొత్తం మీద పడింది. సమూహానికి నష్టం అంటే ఇదే. బావిలో ఒకసారి విషం కలిపారని తెలిస్తే ఆ ఊరివాళ్లు బావినే వదిలేస్తారు, తర్వాత నీళ్లు ఎంత శుభ్రంగా ఉన్నా.

ఇప్పుడు చెప్పండి. అమ్రాబాద్ అడవుల్లో పెంటల్లో, అంటే చిన్న గూడేల్లో, ఉండే చెంచులు ఆస్పత్రికి రారని, రమ్మన్నా పారిపోతారని మీటింగుల్లో ఫిర్యాదు చేస్తుంటారు. తండా ఆడవాళ్లు ఎనిమిదో నెలలో కూడా చెకప్‌కు రారని ఏఎన్‌ఎంలు విసుక్కుంటారు. వాళ్లు మొదటిసారి వచ్చినప్పుడు మనం ఎలా మాట్లాడామని ఎవరైనా అడిగారా? బస్సెక్కి, చీటీకి క్యూలో నిలబడి, చివరికి టేబుల్ దగ్గర "ఏయ్, ఇటు రా, వాసన వస్తున్నవ్" అనిపించుకున్న మనిషి తన చెల్లెలికి ఏం చెప్తుంది? కోడలికి ఏం చెప్తుంది? తండా మొత్తం ఆ ఒక్క మాట వింటుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో దేశం మొత్తం మీద పుట్టిన వెయ్యిమందిలో 35 మంది బిడ్డలు ఏడాది నిండకుండా చనిపోతుంటే, ఎస్టీల్లో 42 మందికి దగ్గరగా ఉంది. పేదరికం ఉంది, దూరం ఉంది, రోడ్లు లేవు, అన్నీ నిజమే. ఆ టేబుల్ దగ్గరి మాట కూడా ఆ లెక్కలో ఉంది.

పుట్టుకను బట్టి మనిషిని అంచనా కట్టడం చట్టంగా కూడా మన దేశంలో నడిచింది. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. దొంగతనం చేశాడా లేదా అని చూడనక్కర్లేదు, ఆ జాతిలో పుడితే చాలు, పోలీసు దగ్గర హాజరు వేయించుకోవాలి. ఎరుకలను స్టువార్ట్‌పురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. స్వాతంత్య్రం వచ్చాక 1952లో ఆ చట్టం రద్దయింది. మనుషుల మనసుల్లో ఇంకా రద్దు కాలేదు. 1901 జనాభా లెక్కల కమిషనర్ రిస్లీ మన వాళ్ల ముక్కులు కొలిచి, ముక్కు వెడల్పుకూ కులం స్థాయికీ సంబంధం ఉందని రాశాడు. జాతి శాస్త్రం అనే అబద్ధాన్ని కులం అనే అన్యాయానికి అతికించిన పని అది. మానవుల జన్యువులు 99.9 శాతం ఒకటేనని ఇప్పుడు తెలుసు. ఆ ముక్కుల లెక్కకు ఏ విలువా లేదు.

కులం, జాతి ఒకటేనా అని పెద్ద చర్చ ఉంది. రెండూ పూర్తిగా ఒకటి కాదు. కానీ 1965 నాటి ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష వ్యతిరేక ఒప్పందంలో జాతి, రంగుతో పాటు వంశం అనే మాట కూడా ఉంది. ఆ మాట కింద కులం కూడా వస్తుందని ఆ ఒప్పందాన్ని చూసే కమిటీ 2002లో చెప్పింది. మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. అమెరికాలో సియాటిల్ నగరం మాత్రం 2023లో కుల వివక్షను చట్టంతో నిషేధించింది. అక్కడికి కులాన్ని మోసుకుపోయినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ఈ జిల్లాలోనే మిర్యాలగూడలో 2018లో, గర్భంతో ఉన్న భార్య కళ్ల ముందే, ఆస్పత్రి బయట ఒక దళిత యువకుడిని నరికి చంపించారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణ శిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ప్రేమించి పెళ్లి చేసుకుని, ఇవాళ కూడా వెనక్కి తిరిగి చూసుకుంటూ నడిచే జంటలు ఈ ఊళ్లో ఎన్ని ఉన్నాయో మీకే బాగా తెలుసు. ఒకరిని చంపితే వందమందిని భయపెట్టినట్టే.

మనవాళ్లు ఆ భయం ఎలా ఉంటుందో ఒకసారి రుచి చూశారు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్‌లోని ఒలేత్‌లో ఒక బారులో హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజినీరు శ్రీనివాస్ కూచిభొట్లను ఒకడు "నా దేశం నుంచి వెళ్లిపో" అని అరుస్తూ కాల్చి చంపాడు. అడ్డుపోయిన ఇయాన్ గ్రిల్లట్ అనే తెల్ల యువకుడికీ తూటా తగిలింది. ఆ తర్వాత కొన్నాళ్లు, బయట తెలుగులో గట్టిగా మాట్లాడకండి, ఇంగ్లిష్‌లోనే మాట్లాడండి అని అక్కడి మనవాళ్ల మధ్య వాట్సాప్‌లో సలహాలు తిరిగాయి. పార్కులో పిల్లను "అమ్మా, ఇటు రా" అని పిలవడానికి కూడా జంకడం ఎలా ఉంటుందో ఊహించండి. మన వార్డులో లంబాడీ అమ్మాయి వాళ్లమ్మతో వాళ్ల భాషలో మాట్లాడబోయి, మనల్ని చూసి ఆపేస్తుంది. అదీ ఇదీ ఒకటే భయం.

కాన్సాస్ గురించి ఏడ్చిన మనమే హైదరాబాద్‌లో ఆఫ్రికా విద్యార్థికి ఇల్లు అద్దెకు ఇవ్వం. మణిపూర్, నాగాలాండ్ అమ్మాయిని ఏ దేశం నీది అని అడుగుతాం. మీలో చాలామంది హైదరాబాద్ కార్పొరేట్ ఆస్పత్రుల్లో చేరతారు. అక్కడికి సూడాన్, సోమాలియా వంటి దేశాల నుంచి పేషంట్లు వస్తారు. వాళ్లను చూసి కొత్తగా అనిపిస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. పాలమూరులోని వనపర్తి సంస్థానం రాజు 19వ శతాబ్దంలో ఆఫ్రికా మనుషులతో ఒక అశ్విక దళం కట్టాడు. వాళ్లు తర్వాత నిజాం సైన్యంలోకి వెళ్లారు. హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ దగ్గరి ఏసీ గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. నిజాం రాజ్యం పోయాక ఆ దళం రద్దయింది, వాళ్ల వారసులు అక్కడే పేదరికంలో మిగిలారు. మన పెళ్లిళ్లలో మర్ఫా మోగితే ముసలి అమ్మమ్మ కూడా కాలు కదుపుతుంది. ఆ మర్ఫాను హైదరాబాద్‌లో నిలబెట్టింది యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులు, ఈ ఆఫ్రికా సంతతి సిద్దీలు. మన బారాత్ ముందు వాళ్ల చేతులతో డప్పు కొట్టించుకుంటాం, వాళ్ల పిల్లలకు ఉద్యోగం అంటే ముఖం తిప్పుకుంటాం.

ఇక పని విషయాలు. ఇవి నోట్ చేసుకోండి.

కోవిడ్‌లో మన ప్రాణం అంతా పల్స్ ఆక్సీమీటర్ మీద పెట్టాం. 2020 చివర్లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. ఆక్సీమీటర్ 92 నుంచి 96 మధ్య చూపిస్తున్నప్పుడు రక్తం తీసి పరీక్షిస్తే, నల్లజాతి రోగుల్లో దాదాపు 12 శాతం మందికి, తెల్లవాళ్లలో సుమారు 4 శాతం మందికి నిజమైన ఆక్సిజన్ 88 కంటే తక్కువ ఉంది. ముదురు చర్మం మీద యంత్రం ఎక్కువ చూపిస్తోంది. మన దగ్గర చాలామందిది ముదురు చర్మమే. అంకె బాగుందని వదిలేయకండి, ఆయాసపడుతున్న మనిషిని చూడండి. నల్లగా ఉన్న పసిబిడ్డకు కామెర్లు చర్మం మీద తేలిగ్గా తెలియవు, కళ్ల తెల్లగుడ్డు, చిగుళ్లు చూడాలి. నీలిరంగు వస్తోందా అంటే నాలుక, పెదవి లోపలి భాగం చూడాలి. మీ పాఠ్యపుస్తకాల్లో ఫొటోలు చాలావరకు తెల్ల చర్మానివి. ఆ లోటును మీ కంటితో మీరే పూడ్చుకోవాలి.

నొప్పి ఎంత అని అందరినీ అడగండి, ఒకే ప్రశ్న, ఒకే గొంతుతో. చెప్పిన అంకెను కేస్ షీట్‌లో రాయండి. మీ అంచనా వేరేగా ఉంటే పక్కన రాయండి, ఆమె అంకెను మాత్రం కొట్టేయకండి. రాసి ఉంటే తర్వాత షిఫ్టులో వచ్చిన మనిషి "వాళ్లకేం కాదు" అనలేదు. పేషంటును కులం పేరుతో, తండా పేరుతో పిలిచేవాళ్లను అక్కడికక్కడే ఆపండి. సీనియర్లయినా సరే, నెమ్మదిగా, అందరి ముందు కాకుండా చెప్పండి, కానీ చెప్పండి. ఎస్సీ, ఎస్టీల మీద అఘాయిత్యాల నిరోధక చట్టం 1989 నుంచి ఉంది. సహాయం కోసం 14566 అనే టోల్ ఫ్రీ నంబరు ఉంది. మీ హాస్టల్లో మీకే అవమానం జరిగినా ఆ నంబరు మీది కూడా. కాలేజీల్లో వివక్ష ఫిర్యాదులు తీసుకునే అధికారి ఉండాలని యూజీసీ 2012 నిబంధనల్లోనే ఉంది. యూనివర్సిటీల్లో చదివే మీ అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఇది చెప్పండి.

చివరిగా ఒక పని, ఇది మీ మేడమ్‌తో ముందే మాట్లాడాను. లేబర్ రూములో వాడే ఓ వంద మాటలు లంబాడీలో, తెలుగు లిపిలో రాసి ఒక చిన్న పుస్తకం చేయాలి. నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి, నీళ్లు పోయాయా, బిడ్డ కదులుతోందా, తల తిరుగుతోందా, నేను నీ పక్కనే ఉంటాను. ఇట్లాంటివి. ఈ హాల్లో లంబాడీ మాట్లాడేవాళ్లు చేతులెత్తండి. చూశారా, ఎంతమంది ఉన్నారో! ఇన్నాళ్లూ వార్డులో మీరు ఆ భాష తెలియనట్టు ఉన్నారు. సభ అయ్యాక మీరందరూ ఇక్కడే ఉండండి, నేను కాగితాలు తెచ్చాను, మొదటి పేజీ ఇవాళే రాద్దాం. మిగతావాళ్లకు ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి.